ఆమెన్ లేని పదకొండు నిమిషాలు

నమోదు 1. మొదటి వారం, సోమవారం. పొద్దున్నే పోటు, గాలి తూర్పు నుంచి.

ఈ దినచర్య రాయకపోతే హాజరు వెయ్యరట. అందుకని రాస్తున్నాను. పేరు కట్టా ఏసుపాదం. వయసు యాభై ఎనిమిది. బడి చదువు ఏడో తరగతి. ఆ పైన చదువంతా గ్రంథం దగ్గరే. తెప్పలూరు ఆరో వరసలో ప్రార్థన తెప్ప నడుపుతున్నాను. నన్ను ఎవరూ పంపలేదు, ఎవరూ నా తల మీద నూనె పొయ్యలేదు. సముద్రం పాత ఊరిని మింగిన ఏడాది జనమంతా తెప్పల మీద ఏడుస్తూ కూర్చుంటే నేను లేచి నిలబడి మాట్లాడాను. ఇరవై ఆరేళ్లయింది, ఇంకా కూర్చోలేదు.

మా దగ్గర ప్రతి పిల్ల చెవిలోనూ చిక్కుడుగింజంత చెవిపంతులు ఉంటుంది. లెక్కలు చెబుతుంది, ఈత చెబుతుంది, గాలివాన వస్తే ఏ తెప్ప మీదికి పరుగెత్తాలో చెబుతుంది. దాని మీద నేను ‘చెవిలో సర్పం’ అని ఒక ప్రసంగం చేశాను. జనానికి నచ్చిందని ఏడుసార్లు చేశాను. ఏడోసారి స్పీకరు కాలిపోయింది. శత్రువు పని అన్నాను. మా ఆవిడ కరుణమ్మ, గొంతు పని అంది.

ఇప్పుడు చట్టం మారింది. పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి ఏం నేర్పాలన్నా, అది పడవ నడపడమైనా పరలోకమైనా, కాలేజీ వాళ్ల ‘బోధనలో సాంకేతికత’ కోర్సు పాసవ్వాలి. పన్నెండు వారాలు. పాసవ్వకపోతే నా ఆదివారపు బడి మూత. ముప్పై ఒక్క మంది పిల్లలు. వాళ్లు పోతే నా ప్రార్థన తెప్ప మీద మిగిలేది మోకాళ్ల నొప్పులవాళ్లూ నేనూ.

పాఠం చెప్పేది నస్రీన్ మేడమ్. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఎంత మెల్లగా మాట్లాడుతుందంటే పద్నాలుగు మందిమీ ముందుకు వంగి వినాల్సి వచ్చింది. పాపం, ఈ పిల్లకు గొంతు ఇవ్వలేదు దేవుడు, అని జాలిపడ్డాను. అంతలో ఆమె, ఒక ఉదాహరణ వినండి అని రికార్డింగు పెట్టింది. ‘చెవిలో సర్పం’. గది అదిరిపోయింది. నేను గడ్డం సర్దుకున్నాను. అయిపోయాక, ఈయన ఏం చెప్పారో ఒక్క వాక్యంలో చెప్పండి అంది. ఎవరూ చెప్పలేకపోయారు. చివరికి నన్నే అడిగింది. లేచి పావుగంట మాట్లాడాను. థాంక్సండీ, కూర్చోండి, అంది.

కూర్చోవడం నాకు చాతకాదు. అయినా కూర్చున్నాను.

నమోదు 2. రెండో వారం, గురువారం. ఆటు. వరస గొలుసులు బిగించడం మా వంతు.

టిఫిన్ క్యారియరంత డబ్బా ఇచ్చారు ఒక్కొక్కరికి. మనం పాఠం చెబుతుంటే అది వింటుంది, మన పద్ధతి పట్టుకుంటుంది, ఆ తర్వాత మన గొంతుతోనే ఇంకొకరికి నేర్పుతుంది. కొత్తగా పది పాఠాలు చెప్పి దానికి వినిపించమంది మేడమ్. నాకు నవ్వొచ్చింది. నా దగ్గర నాలుగు వందల గంటల ప్రసంగాలు దాచి ఉన్నాయి. మొత్తం పోసేశాను. వడ్రంగికి రెండు పలకలు చాలు. నేను అడవి మొత్తం తెచ్చి పెట్టాను.

ఇంట్లో డబ్బాకు ‘చిన్న ఏసుపాదం’ అని పేరు పెట్టింది కరుణమ్మ. గొలుసు బిగిస్తూ, ఒకడితోనే వేగలేకపోతున్నానండీ, అంది.

ఆమె గురించి ఒక మాట రాయాలి. మా సంఘంలో నేను ఆగిన ప్రతిచోటా ఆమెన్ అంటారు. అది మా పద్ధతి. నేను ‘అవునా కాదా’ అన్నా ఆమెనే, దగ్గు వచ్చి ఆగినా ఆమెనే. వెనక బల్ల మీద కూర్చునే కరుణమ్మ మాత్రం ఇరవై ఆరేళ్లలో ఒక్కసారీ అనలేదు. ఆమె హృదయ కాఠిన్యం గురించి చాలా ప్రార్థనలు చేశాను. కొన్ని ఆమెకు వినపడేలా చేశాను.

నమోదు 3. నాలుగో వారం, మంగళవారం. నీళ్ల వంతు మాది.

డబ్బా దగ్గర నేర్చుకునే మనిషిని చీటీ తీసి ఇస్తారు. నా చీటీలో వచ్చినావిడ నవరోజమ్మ. ఇంతకంటే ప్రభువు సహాయం ఏం కావాలి? ముందు బల్ల మీద కూర్చుని అందరికంటే గట్టిగా ఆమెన్ చెప్పే మనిషి. పీతలు శుభ్రం చేసే పనికి పోతుంది. ఈ మధ్యే మా ప్రార్థన తెప్ప నీళ్ల తొట్టి కాపలా కూడా ఆమెకే అప్పగించాం.

పాఠం కూడా నీళ్లదే. తొట్టిలోకి నీళ్లు సముద్రం నుంచి జల్లెడ గుండా వస్తాయి. పక్కన నీళ్లలో ఉప్పెంతో చూపే ముల్లు ఉంటుంది. మూడు చెంబులు తోడితే తొట్టి మళ్లీ నిండాలి కాబట్టి ముల్లు కాస్త లేస్తుంది. కాసేపటికి మొదటి చోటికి దిగితే జల్లెడ బాగున్నట్టు. దిగకుండా పైనే నిలబడితే జల్లెడ చిరిగింది, ఉప్పు లోపలికి వస్తోంది. మీట మూసి గంట కొట్టాలి. అంతే. దీన్ని డబ్బా ఆమెకు నేర్పాలి. నేను పక్కన నోరు మూసుకుని ఉండాలి. నా వరకు పరీక్ష అదే అనుకున్నాను.

నమోదు 4. ఐదో వారం, శుక్రవారం. గాలి లేదు.

పంతొమ్మిది నిమిషాలు. నూటికి నూరు.

మిగతావాళ్ల డబ్బాలు ఇంకా తంటాలు పడుతున్నాయి. పడవ నడపడం నేర్పే ఆయన డబ్బా ముప్పై నాలుగు మార్కుల దగ్గర ఆగిపోయింది. చిన్న ఏసుపాదం మాత్రం ఉరిమాడు. ముల్లు గురించి చెబుతుంటే నాకే రోమాలు నిక్కబొడుచుకున్నాయి. నవరోజమ్మ కళ్లు తుడుచుకుంటూ ప్రతి మాటకూ ఆమెన్ అంది. పాఠం పూర్తి అయింది, ఆమెకు పూర్తిగా అర్థమైంది, అని డబ్బా ప్రకటించింది.

దారిలో దూతను చూసి ఆగిపోయిన గాడిద నోరు తెరిచి, తనను కొడుతున్న ప్రవక్తతో మాట్లాడిన ఘట్టం నాకు ఇష్టం. ఈ డబ్బా నా గాడిద అనుకున్నాను. క్లాసులో ఆ మాట అన్నాను కూడా. మేడమ్ డబ్బా వైపు చూసి, నా వైపు చూసి, ఆ కథలో దారికి అడ్డంగా నిలబడ్డ దూత ఎవరికి కనిపించలేదండీ, అని అడిగింది. ప్రవక్తకు, అన్నాను ఉత్సాహంగా.

నమోదు 5. ఐదో వారం, ఆదివారం. పెద్ద పోటు.

ఇది రాయకుండా ఉందామనుకున్నాను.

ప్రసంగం మధ్యలో నీళ్లు తాగడం నాకు ఒక కళ. గ్లాసు ఎత్తి, జనం వైపు చూసి, ఒక క్షణం ఆగి, గడగడా తాగుతాను. ఇవ్వాళ నవరోజమ్మే ముంచి ఇచ్చింది. జీవజలం గురించి చెబుతూ గ్లాసు ఎత్తాను. తాగాను.

ఉప్పు. సముద్రమే. పాత ఊరిని మింగిన సముద్రం నా గొంతులోకి వచ్చింది. వేదిక మీద ఉమ్మితే సాక్ష్యం, అంటే బోధకుడి పరువు, పోతుంది. మింగాను. కళ్లల్లోంచి బొటబొటా నీళ్లు కారాయి, మాట రాలేదు, ఒళ్లు వణికింది. ఆత్మ దిగింది అనుకున్నారు. తెప్ప ఒరిగేంత ఆమెన్. దానికి నేనేం చేశానో కూడా రాస్తాను: చెయ్యి పైకెత్తి, రెండో గుక్క తాగాను.

అప్పుడే ఆపి, ఈ నీళ్లు తాగకండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఇంకో అరగంట బోధించాను. ఈ లోపల వెనక బడి పిల్లలు తొట్టి దగ్గరికి వెళ్లారు. చాలామంది ఉమ్మేశారు, పిల్లలకు సాక్ష్యం కాపాడుకునే పని లేదు గనక. ఇద్దరు చిన్నవాళ్లు మాత్రం, అయ్యగారు తాగారు కదా అని, మింగేశారు. మధ్యాహ్నానికి వాళ్లకూ నాకూ వాంతులు. కరుణమ్మ ముగ్గురికీ గంజి కాచింది. నాకు మాత్రం ఆఖర్న ఇచ్చింది.

నవరోజమ్మ గుమ్మంలో నిలబడి ఏడ్చింది. ఆమె తోడి చూసిందట. ముల్లు లేచి పైనే నిలబడిందట.

“పైకి లేచింది గదా అయ్యగారూ. పైకంటే మంచిదే గదా. ఇన్నేళ్లూ మీరు చెప్పింది అదే గదా, పైకి చూడండి, పైకి చూడండి అని.”

నమోదు 6. ఆరో వారం, బుధవారం. గంజి.

ఆదివారపు బడికి తాత్కాలికంగా తాళం పడింది. పన్నెండో వారంలో మళ్లీ పరీక్ష. అందులో నవరోజమ్మ తప్పితే తాళం అలాగే ఉండిపోతుంది. పిల్లలిద్దరూ లేచి తిరుగుతున్నారు. వాళ్ల తెప్పలకు వెళ్లి, తెలిసీ తాగనిచ్చానని వాళ్ల అమ్మానాన్నల ముందు ఒప్పుకున్నాను. ఒకాయన తలుపు వేసుకున్నాడు. ఇంకో ఇంట్లో టీ ఇచ్చారు. టీ తాగడమే కష్టమైంది.

మేడమ్ మా ఇంటికి వచ్చింది. డబ్బా విప్పి కరుణమ్మ ఇచ్చిన పీట మీద కూర్చుని, మెల్లగా వివరించింది. డబ్బాకు లోపం లేదట. ఎదుటివాళ్లకు అర్థమైందని ఎలా తెలుసుకోవాలో అది గురువును చూసే నేర్చుకుంటుంది. నాలుగు వందల గంటలూ విని అది నేర్చుకున్నది ఇది: ఒక మాట చెప్పాలి, ఆగాలి, ఆమెన్ వినపడితే అర్థమైనట్టు, ముందుకు పోవాలి. ఇంకే గుర్తూ దానికి నేను చూపించలేదు.

“మరి మీరు ఎలా తెలుసుకునేవారండీ?” అని అడిగింది.

నోరు తెరిచాను. గ్రంథంలో ఒక ఘట్టం గుర్తొచ్చింది. రథం మీద చదువుకుంటూ పోతున్న పెద్దమనిషి పక్కన శిష్యుడు పరుగెత్తుతూ, చదివేది తెలుస్తోందా అని అడుగుతాడు. ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది అంటాడు ఆయన. దాని మీద నలభైసార్లు బోధించి ఉంటాను. ప్రతిసారీ చివర్లో వచ్చే బాప్తిస్మం గురించే. ఆ ప్రశ్న గురించి ఎప్పుడూ చెప్పలేదు. అడగనూ లేదు, ఒక్కరిని కూడా.

గాడిద ఎవరో ఇక్కడ వేరే రాయను. దూత దారిలో నిలబడే ఉన్నాడు. ఉప్పగా ఉన్నాడు.

నమోదు 7. ఏడో వారం, శనివారం. ఆటు. వలలు ఆరేశాం.

ఆమెన్ తగిలిన ప్రతి ముక్కా తీసేసి, మిగిలినదాంతో డబ్బాకు మళ్లీ మొదటి నుంచి నేర్పమంది మేడమ్. తీసేశాను. నాలుగు వందల గంటల్లో మిగిలింది పదకొండు నిమిషాలు.

ఆ పదకొండు నిమిషాలూ ఏంటా అని విన్నాను. ఆరేళ్ల కిందటిది. ప్రార్థన అయ్యాక రికార్డింగు ఆపడం మర్చిపోయాను. పడవ ఇంజను ఎలా స్టార్టు చెయ్యాలో కరుణమ్మకు నేర్పుతున్నాను. నేను తాడు లాగమంటాను. ఎందుకు అంటుంది. లాగితే చక్రం తిరుగుతుందంటాను. తిరిగితే ఏమవుతుంది అంటుంది. నేను చిరాకు పడతాను, మళ్లీ చెబుతాను. ఆగండి, నన్ను చెప్పనివ్వండి, అని మొత్తం తన మాటల్లో తిరిగి చెబుతుంది. రెండుచోట్ల తప్పు చెబుతుంది, నేను సరిచేస్తాను. ఒకచోట తప్పు నాదే, ఆమె సరిచేస్తుంది. చివర్లో ఇంజను అందుకున్న చప్పుడు.

ఇరవై ఆరేళ్లలో నేను ఒకరికి ఏదైనా నేర్పిన రుజువు అదొక్కటే. అది కూడా నేర్పించుకుంది ఆవిడ.

కరుణమ్మ వల మడుస్తూ పక్కనే వింది. నాకు క్షమాపణ చెప్పాలని ఉంది. సిద్ధపడి, గొంతు సవరించుకున్నాను. ప్రసంగం వద్దులెండి, ఆ కొస పట్టుకోండి, అంది. పట్టుకున్నాను.

నమోదు 8. తొమ్మిదో వారం, శనివారం. చినుకులు.

పదకొండు నిమిషాలతో తయారైన చిన్న ఏసుపాదం వేరే మనిషి. గొంతు నాదే, ఉరమడు. ముల్లు ఎందుకు లేస్తుందో రెండు వాక్యాల్లో చెప్పి, నువ్వు చెప్పు నవరోజమ్మా, అన్నాడు. ఆమె ఆమెన్ అంది.

డబ్బా ఊరుకుంది.

ఆమె మళ్లీ అంది, కొంచెం గట్టిగా. ఊరుకుంది. నాకు ఒళ్లంతా దురద. నేను నిమిషం మౌనంగా ఉన్నానంటే నిద్రపోయినట్టు లెక్క. రెండు నిమిషాలు. మూడు. చినుకులు తెప్ప మీద పడుతున్న చప్పుడు. నవరోజమ్మ నా వైపు చూసింది, నేను కింద పలకల సందులు లెక్కపెట్టాను. నాలుగో నిమిషంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “నాకు తెలీదు,” అంది.

అప్పుడు డబ్బా, సరే, ఎక్కడి దాకా తెలుసు, అని అడిగింది. పాఠం మొదలైంది.

పంతొమ్మిది నిమిషాలు చాల్లేదు. రోజూ గంట, ఈ వారమంతా. నాలుగో రోజు నవరోజమ్మ డబ్బాతో పోట్లాడింది: నువ్వు చెప్పింది పోటప్పుడు సరే, ఆటప్పుడు సంగతేంటి? డబ్బా దగ్గర జవాబు లేదు. మేడమ్ దగ్గరికి పోయి కనుక్కుని వచ్చాను. తరగతిలో నేను అడిగిన మొదటి ప్రశ్న అది. కూర్చునే అడిగాను.

నమోదు 9. పన్నెండో వారం, గురువారం. పోటు. పరీక్ష.

బయటి నుంచి పరీక్ష చేసే ఆయన వచ్చాడు. తనతో జల్లెడా ముల్లూ ఉన్న ఒక తొట్టి తెచ్చాడు. ఈ నీళ్లు తాగొచ్చా లేదా చెప్పమ్మా, అన్నాడు. నన్ను తలుపవతల నిలబెట్టారు. కిటికీలోంచి కనిపిస్తోంది.

ముల్లు కింద, మంచినీళ్లని చూపే ఆకుపచ్చ గీత దగ్గర, చక్కగా ఉంది. నవరోజమ్మ మూడు చెంబులు తోడింది. ముల్లు అక్కడే ఉంది. తాగొచ్చని చెప్పెయ్యమ్మా అనుకున్నాను లోపల, దిగే ఉంది కదా. ఆమె చెప్పలేదు. ఇంకో మూడు తోడింది. తల వంచి ముల్లు కేసి చూసింది. ఆయన గడియారం చూసుకున్నాడు. ముప్పై ఒక్క మంది పిల్లలు ఆ ముల్లు కొస మీద కూర్చుని ఉన్నారు. నేను కిటికీ ఊచ పట్టుకుని, ప్రభువా, ఆమె నోట మాట పలికించు, అని ఒక పెద్ద ప్రార్థన మొదలుపెట్టి, అది కూడా ప్రసంగంలా తయారవుతుంటే ఆపేశాను.

“చెప్పలేనండీ,” అంది నవరోజమ్మ.

నేను కిటికీ ఊచ వదిలేశాను.

“అంటే తెలీదా?” అన్నాడాయన.

“తెలీదు. తోడితే ఈ ముల్లు లేవాలి, లేచి దిగాలి. ఇది లేవనే లేదు. లేవంది దిగిందని ఎట్టా చెప్పను? ముల్లు చచ్చిపోయింది. నీళ్లు మంచియో కావో దీన్ని చూస్తే తెలీదు. తెలిసిందాకా ఎవురూ తాగమాకండి.” వెళ్లి మీట మూసి, గంట కొట్టింది.

ఆయన ముల్లు వెనకనుంచి తను బిగించిన చిన్న మేకు తీసి చూపించాడు. ఈ వారం పదకొండు మంది తొట్టి కాపలావాళ్లకు పెట్టిన పరీక్ష ఇదేనట. తొమ్మిది మంది ఆకుపచ్చ చూసి తాగొచ్చన్నారట.

మా బడి తాళం తీశారు. నాకు యాభై రెండు మార్కులు. నవరోజమ్మకు తొంభై. మేడమ్ నా చేతికి సర్టిఫికెట్ ఇస్తూ ఏదో అంది. వినపడలేదు. ముందుకు వంగి, మళ్లీ చెప్పమన్నాను. అభినందనలు అందట.

నమోదు 10. పన్నెండో వారం, ఆదివారం. గాలి లేదు, నీళ్లు తియ్యగా ఉన్నాయి.

కోర్సు అయిపోయింది, ఇది రాయనక్కర్లేదు. అయినా రాస్తున్నాను.

పిల్లలు వచ్చారు. టీ ఇచ్చిన ఇంటి పిల్ల వచ్చింది. తలుపు వేసుకున్న ఇంటి పిల్లవాడు రాలేదు. వాళ్ల తెప్ప మీంచి చూస్తూ నిలబడ్డాడు. నేను మహిమ గురించి బోధించడం మొదలుపెట్టాను. ఆగాను. ఆమెన్ అన్నారు. ఇంకో వాక్యం చెప్పి ఆగాను. ఆమెన్. అప్పుడు గ్రంథం మూసి, నేనిప్పుడు ఏం చెప్పానో ఎవరైనా చెబుతారా, అని అడిగాను.

తెప్ప కింద నీళ్ల చప్పుడు వినపడింది. ఇరవై ఆరేళ్లలో అక్కడ ఆ చప్పుడు వినడం అదే మొదటిసారి. నేను నోరు మూసుకుని నిలబడ్డాను, చిన్న ఏసుపాదాన్ని తలుచుకుంటూ. చాలాసేపటికి ముందు బల్ల మీంచి నవరోజమ్మ లేచింది.

“ఏమనుకోమాకండి అయ్యగారూ. ఇన్నేళ్ల నుంచి మహిమ, మహిమ అంటన్నారు. మహిమ అంటే ఏంటండీ?”

మహిమ అంటే ఘనత, అన్నాను. ఘనత అంటే ఏంటండీ అంది. ఘనత అంటే ప్రభావం. ప్రభావమంటే... చెయ్యి పైకెత్తాను. ఎత్తిన చెయ్యి దేనికోసం ఎత్తానో మర్చిపోయి అలాగే ఉంచాను. పిల్లలు చూస్తున్నారు. గ్లాసు నిండా మంచినీళ్లు ఉన్నాయి, తాగి కాలం గడపొచ్చు. తాగలేదు. వేదిక దిగి, వెళ్లి నవరోజమ్మ పక్కన బల్ల మీద కూర్చున్నాను.

“నాకూ సరిగ్గా తెలీదు నవరోజమ్మా,” అన్నాను.

అప్పుడు వెనక బల్ల మీంచి, ఇరవై ఆరేళ్లలో మొట్టమొదటిసారి, మా ఆవిడ మెల్లగా ఆమెన్ అంది.